రెండు దుక్కులు

ఆ ఏడు వరి కోతకు మనుషులు రారని దీపావళికి ముందే తెలిసిపోయింది. ఏటా బర్మా డెల్టా నుంచి పడవల మీద వచ్చే కోత ముఠా చెదిరిపోయింది. పట్టాళానికి పట్టుకుపోతారన్న భయంతో కుర్రవాళ్ళు కొందరు థాయ్‌లాండ్ వెళ్ళారు, మిగిలినవాళ్ళు ఎక్కడున్నారో వాళ్ళ ఇళ్ళలో చెప్పరు. మేస్త్రీ ఫోన్ చేసి, వచ్చే ఏడు కూడా నా మీద ఆశ పెట్టుకోకండి అన్నాడు. మా అత్త ఫోన్ నా చేతికిచ్చి, బియ్యంలో రాళ్ళు ఏరుకోవడానికి వెళ్ళిపోయింది.

అప్పటికి నాకు పెళ్ళయి నలభై రెండు రోజులు. ఆ రోజుల్లో రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. పట్నం చివర తాకేటాలో రెండు గదుల ఇల్లు. అందులో మా అత్త సన్యాసమ్మ, మా ఆయన సూరి, నేను. సూరి సేక్కాన్ రేవులో ఓడల నుంచి దిగే సరుకు రాసుకునే గుమస్తా. అత్తకు వంతెన అవతల తాన్లిన్ దారిలో ఆరెకరాల మాగాణి ఉంది. పొద్దున ఆరింటి బస్సుకు వెళ్ళి సాయంత్రం కాళ్ళ నిండా మట్టితో వచ్చేది. నేను మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మిఠాయి కొట్టు వెనక పెరిగినదాన్ని. కాలేజీలో జంతుశాస్త్రం చదివాను. చేను అంటే నాకు బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చరంగు, అంతే.

అప్పట్లో నాకు ప్రతిదీ బాగుండేది. తీగ మీద సూరి చొక్కా పక్కన నా జాకెట్టు ఆరుతుంటే బాగుండేది. కరెంటు ఏ పూట వస్తుందో పందెం వేసుకుని ఓడిపోయినా బాగుండేది. టీకొట్టులో ఒక్క నూనె రొట్టె తెప్పించుకుని చెరి సగం తుంచుకుంటే పెద్ద సగం ఎవరికొచ్చిందో చూసుకునేవాళ్ళం. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు వీటి మధ్యనే జరిగింది.

మా అత్త చేసే సేద్యం సంగతి కొంచెం చెప్పాలి. వరి కోతకు నాలుగు రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న వరిలోకే దిగి, నానబెట్టిన మినుములు చల్లుకుంటూ పోతుంది. కింద బురద మెత్తగా ఉంటుంది కాబట్టి గింజ అందులో కూర్చుంటుంది. మనుషులు కొడవళ్ళతో వరి కోసుకుంటూ వెళ్తే వాళ్ళ వెనకే మొలకలు వెలుగు చూస్తాయి. దీన్ని పైర అంటారు. అత్త ముత్తవ్వ శ్రీకాకుళం వైపు నుంచి ఓడ దిగినప్పుడు వెంట తెచ్చుకున్న పద్ధతి అది. వరికీ మినుముకూ మధ్య చేను ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండదు గనక వరి తర్వాత దున్నడమనేది లేదు. లేదనడం కూడా సరికాదు, దున్నకూడదు. కడుపులో గింజ ఉన్న నేల చూలాలితో సమానం, ఇనుము తగలనివ్వరు. వరినాట్లకు ముందు దమ్ము అయిపోగానే అద్దె ట్రాక్టరు కర్రుకు పసుపు రాసి, దణ్ణం పెట్టి పంపేస్తే మళ్ళీ ఏరువాకకే అది మా మడిలోకి రావడం.

ఆ దారిలో ఉన్న తెలుగు ఇళ్ళన్నీ ఈ పద్ధతి ఎప్పుడో మానేశాయి. వరి తీయగానే ట్రాక్టరుతో రెండు దుక్కులు దున్ని మినుములు వేస్తారు. పక్క మడి రాంబాబు అయితే మూడు దున్నుతాడు. అందుకే అత్తకు ఆ దారిలో దున్నని సన్యాసమ్మ అని పేరు. నవ్వుతాలకు పెట్టిన పేరే. కానీ మాఘమాసంలో ఆమె చేను చూశాక ఎవరూ నవ్వేవారు కాదట.

మనుషులు రాకపోతే వరిని కోత మిషనుతో కోయించాలి. మిషను గొలుసు చక్రాల కింద మొలకలన్నీ నలిగిపోతాయి. అంటే పైర చల్లడం కుదరదు. కోత అయ్యాక చల్లితే పైన ఎండిన నేల గింజను లోపలికి తీసుకోదు, పిట్టలు తినేస్తాయి. మినుముల మీద వచ్చేదే మా ఇంటికి ఏడాది పొడుగునా ఆధారం, వరి తిండికీ కూలీలకూ సరిపోతుంది. ఆ వారమంతా అత్త అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగిపోయేది.

గొర్రు సంగతి తెచ్చినవాడు రాంబాబే. ఏదో విదేశీ నిధి వాళ్ళు, దున్నడం మానేసే రైతులకు కొత్తరకం గొర్రు ఇస్తున్నారట. చేతి ట్రాక్టరుకు తగిలించుకుంటే దున్నని నేలనే సన్నగా చీల్చి, గింజ వేసి, మూసేస్తుంది. రెండు పంటలు సరిగ్గా వేసి చూపిస్తే అది మనదే. తనకు అక్కర్లేదన్నాడు రాంబాబు. దున్నకపోతే తనకు నిద్రపట్టదన్నాడు.

ఫారం నింపే పని నాకు వచ్చింది. ఇంట్లో చదువుకున్న కోడలు ఉందని అత్త రాంబాబుతో చెప్పడం నేను విన్నాను. నాలుగు పేజీల ఫారం, బర్మీస్‌లో. నేల మీద బోర్లా పడుకుని రాశాను. ఎకరాలు, పంటలు, నీటి వసతి. వరి తర్వాత ఎన్నిసార్లు దున్నుతారు అని ఒక ప్రశ్న. అత్తను అడిగాను.

"వరి కోసీసినాక దున్నడమేటే, పిల్లా?" అంది అత్త. నేనేదో ఆవుకు ఎన్ని రెక్కలని అడిగినట్టు చూసింది.

సున్నా అని రాశాను. చివర్లో, ఫారం నింపినవారికి దరఖాస్తుదారుతో సంబంధం ఏమిటని ఉంది. కోడలు అని రాశాను. ఆ మాట ఒక కాగితం మీద రాయడం అదే మొదటిసారి. రాసి, కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఆఫీసు ఊరి మధ్యలో ఒక పాత మేడలో మూడో అంతస్తు. శనివారం కావడంతో సూరి కూడా వచ్చాడు. కౌంటరు దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఫారం తిరగేసి, ఆ సున్నా మీద వేలు పెట్టాడు. ఇది దున్నేవాళ్ళ చేత మాన్పించడానికి ఇచ్చే సాయం, అసలే దున్ననివాళ్ళ చేత మేం ఏం మాన్పించాలి అన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు. ఖాళీ ఫారం ఇంకొకటి మా ముందుకు జరిపి, టీ తాగి రండి అన్నాడు.

కింద టీకొట్టులో కూర్చున్నాం. చిన్న ముక్కాలి పీటలు, మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతున్నాయి.

"రెండని రాసేయ్" అన్నాడు సూరి. "ఆ దారంతా రెండేగా. ఏటి పోద్ది?"

"అత్తకు చెప్పొద్దా?"

"చెబుదువులే. సాయంత్రం చెప్పు."

రెండు అని రాశాను. మిగతా అంతా ముందటిలాగే. కోడలు అన్నది ఈసారి ఇంకొంచెం గుండ్రంగా రాశాను. పైకి వెళ్ళి ఇచ్చేసి, బయట వాన పడుతుంటే ఒక్క గొడుగులో ఇద్దరం సూలే బౌద్ధ గోపురం దాకా నడిచాం. ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ చెరో భుజం తడిసింది. అత్తకు చెప్పాలన్నది నాకు గుర్తు రాలేదు. మర్నాడూ రాలేదు. దాచిపెట్టాలని కాదు, సంతోషంలో మరిచిపోయాను.

నవంబరులో మంజూరైందని కబురు వచ్చింది. ఆ వెనకే పొలం చూడటానికి ఆ నిధి తరఫు అధికారి వచ్చింది. పేరు మ తీదా, మ అన్నది బర్మావాళ్ళ మర్యాద మాట. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. లుంగీ కాస్త పైకి దోపి, గట్టు మీద మా కన్నా వడిగా నడిచింది. అత్తను పెద్దావిడ అన్న గౌరవంతో డా సాన్ అని పిలిచింది. బర్మావాళ్ళందరికీ అత్త డా సానే. వరి కంకులు చూసింది, మట్టి పిసికి చూసింది, బాగుందని చెప్పింది. తర్వాత సంచీలోంచి నా ఫారం తీసింది.

వరి తర్వాత దున్నేది రెండుసార్లా, మూడుసార్లా అని అత్తను అడిగింది. కొంతమంది తగ్గించి రాస్తారని నవ్వింది.

అత్త ఆ కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. తర్వాత నా వైపు చూసింది. నేను ఎటు చూస్తున్నానో నాకు గుర్తులేదు, ఆమె వైపు మాత్రం కాదు.

"రెండే" అంది అత్త బర్మీస్‌లో.

మ తీదా రాసుకుంది. అప్పుడు ఇంకో సంగతి చెప్పింది. రోడ్డు పక్కన అరెకరం మాత్రం ఎప్పటిలాగే దున్ని వేయాలట. మిగతాది గొర్రుతో. జనవరిలో చుట్టుపక్కల రైతులను తీసుకొచ్చి రెండూ పక్కపక్కన చూపిస్తారట. మీరు మామూలుగా ఎలా చేస్తారో అలాగే చేయండి చాలు, కొత్తగా ఏమీ అక్కర్లేదు అంది. అత్త తల ఊపింది.

తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వంతెన ఎక్కుతుంటే నా వైపు తిరిగింది.

"రెండన్నాను. సరిపోయిందా?" అంది.

"సరిపోయింది అత్తా."

"అయితే మంచిది."

నది దాటాం. చెప్పాల్సింది నేను ఆ రోజు కూడా చెప్పలేదు. ఇంటికి వెళ్ళాక ఆమె ఎప్పటిలాగే నాకు ముందు వడ్డించింది. అది నాకు తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది. ఆ రాత్రి సూరితో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదంటే ఏమీ లేనట్టే అన్నాడు. తనకు వాళ్ళమ్మ సంగతి నాకన్నా బాగా తెలుసు, కానీ ఆ మాట తను నమ్మి అన్నట్టు లేదు.

నెల చివర కోత మిషను వచ్చి రెండు పూటల్లో ఆరెకరాలూ కోసేసి వెళ్ళింది. మర్నాడే గొర్రు దిగింది. ఎర్రరంగుది, నా అంత ఎత్తు. రాంబాబు తన చేతి ట్రాక్టరుకు తగిలించి నడిపాడు. వరి దుబ్బుల మధ్య నుంచి అది దువ్వెన పెట్టినట్టు వెళ్ళిపోయింది. వెనకాల నేను చెప్పులు చేత పట్టుకుని నడిచాను. ఎంత బాగుందో చెప్పలేను. నాలుగు సన్నటి గీతలు, ఒక్కటీ వంకర పోలేదు. అత్త నా వెనక వస్తూ, అక్కడక్కడ కూర్చుని వేలితో ఆ గీతను విప్పి చూసింది. గింజ ఉందా, ఎంత లోతున ఉంది, పైన మట్టి పడిందా అని చూసుకుంది. అలా ముప్పైచోట్ల చూసి ఉంటుంది.

"బాగా పెడతంది" అంది లేచి. ముఖంలో నవ్వు ఉంది. పొద్దుగూకే వేళకు గొర్రును తనే కడిగింది. పళ్ళ సందుల్లోని మట్టిని పుల్లతో తీసింది.

మూడో రోజు రోడ్డు పక్కన అరెకరం దున్నాలి. సూరి సెలవు పెట్టి వచ్చాడు. రాంబాబు ట్రాక్టరు నుంచి గొర్రు విప్పి కర్రు బిగించాడు గానీ ఇంజను వేయలేదు. దాని పిడి మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. ఆ దారిలో సన్యాసమ్మను చిన్నప్పటి నుంచి ఎరిగి, అక్క వరసతో అప్పా అని పిలిచేవాడు అతనొక్కడే.

"అప్పా, నిజంగానా?"

"కానీయ్."

"రోడ్డు పక్కన గదా. అందరూ సూస్తారు."

"సూడనీ."

ఇంకెవరైనా అయితే కారణం అడిగేవారు. అతను అడగలేదు. అత్త చెప్పులు విడిచి, వంగి నేలను ముట్టుకుని ఆ చేత్తో కళ్ళకద్దుకుంది. తర్వాత వెళ్ళి అటువైపు వీపు పెట్టి గట్టు మీద కూర్చుని, మిగిలిన మినుముల్లో పుచ్చులు ఏరింది. కర్రు నేలలోకి దిగిన చప్పుడుకు ఆమె చేయి ఆగి, మళ్ళీ కదిలింది. లోపలి నుంచి నల్లటి తడి మట్టి బయటపడింది. గాలికి, ఎండకు మధ్యాహ్నానికల్లా అది తెల్లబడిపోయింది. రెండో దుక్కి అయ్యేసరికి పెంకుల్లాంటి బెడ్డలు. రాంబాబు టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర నేను అత్త కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. కౌంటరు, ఖాళీ ఫారం, టీకొట్టు, గొడుగు కూడా. ఆమె వింటూ వక్క కత్తిరించుకుంది.

"నన్ను అడిగుంటే వొద్దనేదాన్ని" అంది. "అడగలేదు. మరిప్పుడు మాటాడి ఏటి లాభం? లే, కూర మాడతంది."

జనవరి మూడోవారంలో మ తీదా నలభైమందిని తీసుకుని వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలు, గుడారం, నిధి పేరున్న బ్యానరు. గొర్రు వేసిన చేను మోకాలి ఎత్తున, చాప పరిచినట్టు ఉంది. అరెకరంలో మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. మధ్యలో బెడ్డలు. రెండిటి ముందూ చెక్క పలకలు పాతారు. మొదటిదాని మీద దున్నకుండా విత్తిన కొత్త పద్ధతి అని ఉంది. రెండోదాని మీద పాత పద్ధతి, డా సాన్ నలభై ఏళ్ళుగా చేస్తున్నది అని ఉంది.

నాకు ఫలహారం డబ్బాలు పంచే పని ఇచ్చారు. ఒక్కోదాంట్లో అరటిపండు రొట్టె, చిన్న రసం డబ్బా. వాటిని ఐదేసి చొప్పున పేర్చడం నాకు సరదాగా ఉంది. అంతలో ఫోటో అన్నారు. అత్తను రెండో పలక పక్కన నిలబెట్టారు. ఉతికిన చీర కట్టుకుని, చేతులు కిందకి వదిలేసి ఆమె నిలబడింది. రోడ్డు అవతలి నుంచి మా తెలుగువాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళకు ఆ పలక మీద ఏముందో ఎవరో చదివి చెప్పారు. వాళ్ళలో ఒకామె, లక్ష్మీనరసమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోయినేడు తన చేనుకు పురుగు పడితే సలహా అడగడానికి అత్త దగ్గరికి వచ్చిన మనిషట ఆమె.

రాంబాబు గుంపు వెనక నుంచి తెలుగులో అన్నాడు.

"అప్పా, నలభై ఏళ్ళంట. నాకు తెలీకుండా ఎప్పుడు దున్నినావు?"

తెలుగువాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు.

"ఈ యేడు దున్నినాను" అంది అత్త.

"ఎందుకంట?"

"ఇంట్లోకి కొత్త పిల్ల వొచ్చింది. దాని మాట పోకూడదు గదా."

నవ్వు ఆగిపోయింది. నేను చేతిలో ఉన్న డబ్బాలు బల్ల మీద పెట్టాను. మ తీదాకు తెలుగు రాదు. నా పక్కనే ఉంది కాబట్టి, ఏమంటున్నారు అని నన్ను అడిగింది. ముఖంలో నవ్వుంది. పండుగ రోజున చుట్టాలు ఏదో హాస్యమాడుకున్నప్పుడు పరాయివాళ్ళు అడిగినట్టే అడిగింది.

ఏదో వేళాకోళం అని చెప్పొచ్చు. ఆమె దానితో సరిపెట్టుకునేది. గుడారం వెనక గొర్రు ఉంది, దాని మీద ఎవరో సంచీలు పెట్టారు. అది లేకపోతే వచ్చే ఏడు ఆరెకరాలు ఎలా విత్తుతామో నాకు తెలియదు. అత్తకూ తెలియదు. అత్తకు బర్మీస్ మాటలు బాగా వచ్చు. నేను ఏం చెప్పినా వింటుంది, అబద్ధం చెబితే దాన్నీ కాస్తుంది.

నేను చెప్పాను. ఆమె ఎప్పుడూ దున్నలేదని, ఈ ఒక్క ఏడే దున్నిందని, అది కూడా ఫారంలో నేను రెండు అని రాసినందుకేనని చెప్పాను. ముందు సున్నా రాశానని కూడా చెప్పాను. కౌంటరు మనిషి సంగతి, సూరి సంగతి చెప్పలేదు. రాసిన చేయి నాది.

మ తీదా నవ్వు వెంటనే పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. అత్త వైపు తిరిగి, నిజమేనా డా సాన్ అని అడిగింది. అత్త గుడారం వెనక్కి చూసింది.

"నిజమే" అంది.

మ తీదా వెళ్ళి రెండో పలక మొదలు పట్టుకుని అటూ ఇటూ ఊపి పీకింది. రాతవైపు కిందకి పెట్టి గట్టు మీద పడుకోబెట్టింది. తర్వాత, ఫలహారాలు ఇచ్చేయండి, ఎండ ఎక్కుతోంది అని నాతో అంది. నేను ఇచ్చాను. నలభై ఎనిమిది డబ్బాలు సరిగ్గా సరిపోయాయి.

వెళ్ళేముందు ఆమె అత్తతో విడిగా చాలాసేపు మాట్లాడింది. దున్నకపోతే మరి గింజ ఎలా పెడతారని అడిగిందట. అత్త చేత్తో చల్లి చూపించింది, ఖాళీ చేత్తోనే. మ తీదా రాసుకోలేదు. ఊరికే చూసింది. తన పైవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు రాయాల్సి ఉంటుందని మాత్రం చెప్పింది.

బస్సులో అత్త అంది, "గొర్రు పోద్ది."

"పోతుంది అత్తా."

"గింజ బాగా పెట్టీది."

రెండు వారాలకు లారీ వచ్చి గొర్రును తీసుకుపోయింది. పంట మాత్రం మాకే వదిలేశారు. ఫిబ్రవరి చివర మినుములు పీకాం. మంచి పంట. దున్నిన అరెకరంలో వచ్చింది ఒక చేట నిండా కూడా లేదు. అత్త దాన్ని మిగతావాటిలో కలపలేదు. పిట్టలకు వేసేసింది.

ఆ తర్వాత ఉత్తరం వచ్చింది. బర్మీస్‌లో నాలుగు వాక్యాలు. దరఖాస్తుదారు ఎన్నో ఏళ్ళుగా భూమిని దున్నకుండానే సాగు చేస్తున్నట్టు విచారణలో తేలినందున, ఈ సాయానికి అర్హురాలు కాదని అందులో ఉంది. కింద సంతకం, ముద్ర. నేను చదివి వినిపించి, ఏడుపు మొహం పెట్టాను. అత్త మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"ఎన్నో ఏళ్ళుగా అని ఉందా?"

"ఉంది అత్తా."

"పద."

ఆదివారం సాయంత్రాలు తెలుగువాళ్ళంతా రాంబాబు అరుగు మీద చేరతారు. అక్కడ నన్ను నిలబెట్టి చదివించింది. ముందు బర్మీస్‌లో, తర్వాత తెలుగులో. లక్ష్మీనరసమ్మ, ముద్ర ఉందా అని అడిగింది. అత్త ఆ కాగితాన్ని ఆమె కళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి ముద్ర చూపించింది. రాంబాబు నవ్వి నవ్వి దగ్గాడు. నీకు ఇయ్యనందుకు ఇచ్చిన కాగితం పట్టుకుని ఊరేగుతున్నావేంటప్పా అన్నాడు. ఇంటికొచ్చాక దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి సింహాద్రి అప్పన్న పటం వెనక దోపింది.

అదే వారం నాలుగెకరాలు రాంబాబుకు పాలికి ఇచ్చేసింది. అతను కోత మిషనుతో కోసుకుంటాడు, తర్వాత దున్నుకుంటాడు. తను బతికుండగా వరి తీశాక ఆ మడుల్లోకి కర్రు దిగదని ఆమె ఒకప్పుడు అనేదట. ఆ మాట ఇప్పుడు ఎత్తలేదు. మిగిలిన రెండెకరాలు మాకు. అంత మేర అయితే మనమే కొడవళ్ళతో కోసుకోవచ్చు, ముందే పైర చల్లుకోవచ్చు అంది. సూరి రేవులో పది రోజుల సెలవు ఇప్పటి నుంచే అడిగి పెట్టుకున్నాడు. ఇల్లు గడవడానికి నేను ఒక ట్యూషన్ సెంటరులో చేరాను.

కోత నేర్చుకోవాలి కదా అని మార్చిలో అత్త నన్ను పజున్‌డౌంగ్ వాగు గట్టుకు తీసుకెళ్ళి గడ్డి కోయించింది. మూడు సాయంత్రాలు కోశాను. నా చేతిలో కొడవలి పక్కకు జారిపోయేది. గడ్డి తెగడానికి బదులు వంగేది. అత్త పక్కన కూర్చుని చూసేది. పట్టు మార్చమనలేదు, తిట్టలేదు. నాలుగోరోజు నేను ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఆమె ఇంట్లో లేదు. దీపాల వేళకు కాగితంలో చుట్టిన పొట్లంతో వచ్చింది. కమ్మరి దగ్గర మధ్యాహ్నం నుంచి కూర్చుందట.

విప్పి చూస్తే కొత్త కొడవలి. పళ్ళు మామూలుగా ఉండే వైపు కాక రెండో వైపు తిప్పి కొట్టించింది.

"ఎడమ సేతిది" అంది. "నువ్వు రాసీది దాంతోనే గదా. కోసీది కూడా దాంతోనే కొయ్యి."

కొడవలిని ఎడమచేత్తో పట్టుకుని, గాలిలో ఒకసారి లాగి చూశాను. సూరి రెండడుగులు వెనక్కి జరిగాడు.

మర్నాడు సాయంత్రం వాగు గట్టు మీద గడ్డి తెగింది. మొదటి పిడికిలి చేతిలోకి వచ్చినప్పుడు దాన్ని పైకెత్తి సూరికి చూపించాను. చీకటి పడేలోపు ఏడు కట్టలు కట్టాను. అత్త వచ్చి ఒక్కోదాన్నీ ఎత్తి దులిపి చూసింది. కట్టు వదులుగా ఉందని ఏడూ విప్పి, మళ్ళీ కట్టించింది.